గృహవ్యయము: కొఱత నెలయే కొలత

ధనము నార్జించుట యొక విద్య. ఆర్జించిన ధనమును వెచ్చించుట వేఱొక విద్య. మొదటిదానిని నేర్పువారు లోకమున ననేకులు కలరు. రెండవదానిని నేర్పువారు మిక్కిలి అరుదు. తండ్రి కుమారునకు మగ్గము నడపుట నేర్పును. తల్లి కుమార్తెకు బీడీ చుట్టుట నేర్పును. కాని చేతికి వచ్చిన కూలిని ఏడు దినములకు నెట్లు పంచవలెనో, పని దొరకని వారమునకై అందులో నెంత దాచవలెనో బిడ్డలను ఎదుట గూర్చుండబెట్టుకొని చెప్పు ఇండ్లు కొన్నియే. కావున ఈ సంవత్సరపు పత్రికలో గృహవ్యయమును గూర్చి మా యభిప్రాయమును తెలుప నెంచితిమి. విద్యార్థులు దీనిని ఇంటికి గొనిపోయి తల్లిదండ్రులకు చదివి వినిపింతురని మా కోరిక.

పొదుపును బోధించువారు సాధారణముగా దుబారాను నిందించుటతో నారంభింతురు. "వరవు మించి వెచ్చింపకుము" అనుట సులభము. కాని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల కుటుంబముల నెఱిగినవారు ఆ నింద నంత త్వరగా నొప్పుకొనజాలరు. ఆదాయము తగ్గినకొలది దానిలో తిండికి పోవు భాగము పెరుగునని ఎర్నెస్టు ఏంగెలు అను జర్మను గణాంకవేత్త 1857 లోనే చూపియుండెను. 2022-23 లో భారత ప్రభుత్వము జరిపిన గృహవినియోగ వ్యయ సర్వేలో పల్లెకుటుంబముల ఖర్చునందు నూటికి 46 వంతులు, పట్టణ కుటుంబముల ఖర్చునందు 39 వంతులు తిండికే పోవుచున్నట్లు తేలినది. పేదయింట నీ భాగము ఇంకను హెచ్చుగా నుండును. తిండియు, అద్దెయు, మందులును, బడి ఖర్చును పోగా దుబారా చేయుటకు మిగులునదెంత? నిజము చెప్పవలెనన్న, పేదయింటి యిల్లాలు మనలో ననేకులకంటె మేలైన లెక్కరి.

అట్లయిన అప్పు లెందుల కగుచున్నవి? ఆదాయము తక్కువగుట ఒక్కటియే దీనికి కారణము కాదని మా యభిప్రాయము. ఆదాయము సమముగా రాకుండుట అంతకంటె పెద్ద కారణము. ఖర్చు దినదినము వచ్చును; రాబడి తనకు తోచినప్పుడు వచ్చును. మనము నిండు నెలను చూచి కాపురమును కొలుచుకొందుము. కొఱత నెల వచ్చినప్పుడు ఆ కొలత మనలను అప్పులవాని గడపకు నడిపించును. కావున కొఱత నెలనే కొలతగా పెట్టుకొనవలెను. ఆ కొలత ఇంటిల్లిపాదికి తెలిసియుండవలెను. మేము చెప్పదలచినదంతయు ఈ రెండు మాటలలో నున్నది.

సిరిసిల్ల సంగతి చూడుడు. అచ్చట వేలకొలది మరమగ్గములు కలవు. పట్టణములో నధికభాగము వాని చప్పుడును నమ్ముకొనియే బ్రతుకుచున్నది. 2017 నుండి 2023 వఱకు రాష్ట్ర ప్రభుత్వము బతుకమ్మ పండుగకు పంచు చీరలను అచ్చట నేయించెను. ఆ పని యున్నంతకాలము కార్మికునకు చేతినిండ కూలి దొరకెడిది. అది ముగిసిన పిమ్మట మరల ఎదురుచూపులే. 2024 లో ఆ చీరలు పంచబడలేదు. ఆ యేడు అనేక మగ్గములు నెలల తరబడి నిలిచిపోయినవి. 2025 లో స్వయంసహాయక సంఘముల స్త్రీలకు పంచు చీరల నిమిత్తము మరల పని వచ్చెను. ఇన్ని మార్పులలోను కార్మికుని నేర్పు తగ్గలేదు, ఓపిక తగ్గలేదు. మారినది పని వచ్చు కాలము మాత్రమే.

జగిత్యాల రైతునకు ఆదాయము పంటతో వచ్చును. వరి సంవత్సరమునకు రెండు మార్లు చేతికి వచ్చును. పసుపు సుమారు తొమ్మిది నెలలు నేలలో నుండి ఒక్కమారే వచ్చును. మెట్‌పల్లి చేరువ నున్న ముత్యంపేట చక్కెర కర్మాగారమునకు చెఱకు తోలుచుండినవారు 2015 లో అది మూతపడగా వేఱు దారి చూచుకొనవలసివచ్చెను. సేద్యపు కుటుంబమునకు కొఱత కాలము జూను, జూలై నెలలు. విత్తనములు, ఎఱువులు, దుక్కి కూలి ఒకవైపు. పిల్లల పుస్తకములు, బట్టలు, రుసుములు మఱియొకవైపు. అన్నియు ఒక్కసారే తలుపు తట్టును. విత్తుకాలమునకు పెట్టుబడి రైతు చేతికి చేరవలెనను నుద్దేశముతో 2018 లో రైతుబంధు పథకము నారంభించుట చూడగా, పైకమెంత యన్నదే గాక ఎప్పుడన్నదియు ముఖ్యమని ప్రభుత్వము సహితము గుర్తించినట్లు తెలియుచున్నది.

కోరుట్ల చుట్టుపట్ల ననేకమంది స్త్రీలు చాట నొడిలో బెట్టుకొని బీడీలు చుట్టుదురు. వారి కూలి వేయి బీడీల లెక్కను వచ్చును. తునికాకు, తంబాకు ఇచ్చిన దినములే పని దినములు. ఇక దుబాయి, మస్కటు, దోహా, రియాదులకు పోయినవారి యిండ్లకు నెలనెల పైకము వచ్చునన్నమాట నిజమే గాని, తొలికాలపు పైకములో పెద్దభాగము వీసా కొఱకు చేసిన అప్పునకే పోవును. ప్రభుత్వము వద్ద నమోదైన ఏజెంటు తన సేవకు 30,000 రూపాయలును, దానిపై పన్నును మాత్రమే తీసికొనవలెనని నియమము కలదు. ఆ నియమము తెలియక, నమోదు లేని మధ్యవర్తికి అంతకు ఎన్నో రెట్లు చెల్లించి విమానమెక్కిన యువకుని ఇంటిలో, అతడు కొలువులో చేరకమునుపే వడ్డీ నడచుచుండును.

ఇప్పుడొక లెక్క చూతము. ఇది పేరు గల యే యింటిదియు కాదు, పాఠము కొఱకు కల్పించినది. ఒక మగ్గపు కార్మికుని ఇంటికి సంవత్సరములో ఎనిమిది నెలలు 15,000 రూపాయల చొప్పునను, పని సన్నగిల్లిన నాలుగు నెలలు 6,000 రూపాయల చొప్పునను వచ్చుననుకొందము. మొత్తము 1,44,000 రూపాయలు. సగటున నెలకు 12,000. ఆ యిల్లు నిండు నెలలలో 15,000 ఖర్చుపెట్టినయెడల, కొఱత నెలలలో 6,000 తో గడపవలెను. అది సాధ్యము కాదు. బియ్యము, అద్దె, కరెంటు, పాలు, మందులు మొదలైన తప్పనిసరి ఖర్చులు నెలకు 10,000 అనుకొన్నను నెలకు 4,000 చొప్పున 16,000 రూపాయల అప్పు నిలుచును. అదే యిల్లు నిండు నెలలలో నెలకు 2,000 రూపాయలు పక్కన పెట్టినయెడల ఎనిమిది నెలలకు ఆ 16,000 సమకూడును. ఖర్చునకు అప్పటికిని నెలకు 13,000 మిగులును. అనగా సంవత్సరమునకు అప్పు లేకుండుటకును, 16,000 అప్పుతో ముగియుటకును నడుమ నున్నది నిండు నెలలోని 2,000 రూపాయలే.

ఈ లెక్కలో నింకొక పాఠము కలదు. సూక్ష్మఋణముల విషయమున, వాయిదాలన్నియు కలిపి కుటుంబపు నెలసరి ఆదాయములో సగమునకు మించరాదని రిజర్వు బ్యాంకు 2022 లో నియమము చేసినది. మంచి నియమమే. కాని పై యింటికి సగటు ఆదాయము 12,000. అందు సగము 6,000. కొఱత నెలలో ఆ యింటికి వచ్చు మొత్తమే 6,000! సగటును చూచి ఒప్పుకొన్న వాయిదా కొఱత నెలలో కుండలోని బియ్యమంతయు పట్టుకొనిపోవును. కావున తల్లిదండ్రులారా, ఎవరు ఎంత ఇత్తుమన్నను, "పని లేని నెలలో ఈ వాయిదా కట్టగలమా?" యను ప్రశ్నను మీకు మీరే వేసికొనుడు. కట్టలేమని తోచినయెడల ఆ అప్పు, వాయిదా చిన్నదైనను, పెద్దదే.

వడ్డీని గూర్చి యొక మాట. మా తరగతులలో సాధారణ వడ్డీ లెక్కలను చక్కగా చేయు పిల్లలు కలరు. వారినే "నూటికి మూడు రూపాయల వడ్డీ యనగా సంవత్సరమునకు నూటికెంత?" అని యడిగిన నూరకుందురు. పుస్తకములోని వడ్డీ సంవత్సరమునకు; వాడలోని వడ్డీ నెలకు. మూడు రూపాయల వడ్డీ యనగా సంవత్సరమునకు నూటికి 36. ఏబదివేల రూపాయలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చినయెడల నెలకు 1,500, సంవత్సరమునకు 18,000 వడ్డీయే యగును. ముప్పదినాలుగు నెలలలో అసలంత వడ్డీ చెల్లించియు అసలు అట్లే నిలిచియుండును. అదే పైకము రూపాయి వడ్డీకి దొరకిన సంవత్సరమునకు 6,000. ఆ తేడా 12,000 రూపాయలు ఒక బిడ్డ చదువు. మహిళాసంఘముల ద్వారా బ్యాంకులిచ్చు అప్పు రూపాయి వడ్డీకి దరిదాపుగా నుండగా, దూరమని, ఆలస్యమని దానిని విడిచి చేరువనున్న మూడు రూపాయల వడ్డీకి పోవుట తొందరకు కట్టు మూల్యము. తొందర రాకుండ ముందుగా చూచుకొనుటయే లెక్క వ్రాయుటలోని ప్రయోజనము.

చిన్న అప్పులలో మనము గమనింపనిది కిరాణా దుకాణపు ఉద్దెర. ఉద్దెర మర్యాదగా కనబడును, వడ్డీ యడుగదు. కాని ఉద్దెర ఖాతా గలవాడు ధర బేరమాడలేడు, తూకము ప్రశ్నింపలేడు, వేఱు దుకాణమునకు పోలేడు. 1844 లో ఇంగ్లాండు దేశపు రాచ్‌డేలు పట్టణములో ఇరువదియెనిమిదిమంది పనివారు, వారిలో ననేకులు నేతగాండ్రు, తలకొక పౌను చొప్పున కూడబెట్టి ఒక దుకాణము తెరచిరి. అందు వెన్న, చక్కెర, గోధుమపిండి, వోటుపిండి, కొవ్వొత్తులు మాత్రమే యుండెను. వారి ముఖ్యనియమము రొక్కమునకే గాని అప్పున కమ్మరాదనుట. మగ్గము నమ్ముకొన్నవారికి ఉద్దెర యెంత ప్రమాదమో వారికి బాగుగా తెలియును. లోకమందలి వినియోగదారుల సహకారసంఘములకు ఆ చిన్న దుకాణమే మాదిరి యయ్యెను.

అంత దూరము పోనక్కఱలేదు. నాటి కరీంనగరు జిల్లాలోని ముల్కనూరులో 1956 లో రైతులు స్థాపించుకొన్న సహకార గ్రామీణ బ్యాంకు అప్పిచ్చుట, పొదుపు చేయించుట, పంట అమ్మిపెట్టుట అను మూడు పనులను ఒక్క చేతిమీద నడిపి దేశమంతట పేరు పొందినది. అమ్మిన పంట పైకము చేతికి రాకమునుపే అప్పు వాయిదా, పొదుపు జమ విడివడుచున్నప్పుడు, మిగిలినదే ఖర్చునకు మన కంటబడును. సిరిసిల్ల కార్మికులకును ఇట్టి యనుభవము కలదు. 2017 లో నారంభమైన "నేతన్నకు చేయూత" పథకమున కార్మికుడు తన కూలిలో నూటికి 8 వంతులు జమచేయగా, మరమగ్గపు కార్మికునకు ప్రభుత్వము మఱి 8 వంతులు కలిపెను. మూడేండ్లు ఆ పైకమును కదలింపరాదు. 2020 లో కోవిడు వ్యాధివలన మగ్గములు నిలిచినప్పుడు ఆ గడువును సడలించి, దాచిన పైకమును ముందుగనే తీసికొననిచ్చిరి. నిండు నెల కొఱత నెలకు అన్నము పెట్టుట యనగా నిదియే.

పథకము లేనివారు ఏమి చేయవలెను? తపాలా కచేరిలో నెలకు 100 రూపాయలతోను ఐదేండ్ల పునరావృత జమ తెఱువవచ్చును. సంవత్సరమునకు 20 రూపాయలతో ప్రమాద బీమాయు, 436 రూపాయలతో జీవిత బీమాయు బ్యాంకు ఖాతా గలవారికి లభించును. ఒక్కొక్కటి రెండు లక్షల రూపాయలకు. గల్ఫునకు పోవువారికి ప్రవాసీ భారతీయ బీమా కలదు. చిట్టి వేయువారు అది రిజిస్ట్రారు వద్ద నమోదైనదా యని చూచి మఱి వేయవలెను; నమ్మకము మంచిదే కాని రసీదు దానికి విరోధి కాదు. రోగము వచ్చినప్పుడు ముందుగా ఆరోగ్యశ్రీ వర్తించునో లేదో విచారింపవలెను. 2023 లో దాని పరిమితి పది లక్షల రూపాయలకు పెంచబడినది. అప్పునకు పరుగెత్తిన పిమ్మట విచారించుట కంటె ముందుగా విచారించుట మేలు.

తగ్గింపదగిన ఖర్చులు లేవని మేమనము. పండుగ దినమున కొత్తబట్ట కట్టుకొనుటను మేము తప్పుపట్టము; సంవత్సరమంతయు శ్రమించినవానికి ఆ సంతోషము కావలెను. కాని చావునకును, పెండ్లికిని ఊరు మెచ్చవలెనని పెట్టు దావతులు, సాయంకాలము కూలి ఇల్లు చేరకుండ నడ్డగించు మద్యపు దుకాణము, ఇవి రెండును కొఱత నెల ముఖము చూడని ఖర్చులు. వీనితో నేటి కాలమున ఫోనును చేరినది. నోటు ఇచ్చునప్పుడు చేతికి తెలియును. తెరమీద వ్రేలు నొక్కి చెల్లించునప్పుడు తెలియదు. పదియు, ఇరువదియు, ముప్పదియు నెలాఖరున మూడువేలగును. ఫోనులో క్షణమున దొరకు అప్పులు, పైకము పెట్టి యాడు ఆటలు యువకులను చెఱచుచున్నవి. అట్టి యాటలను రాష్ట్రము 2017 లోనే నిషేధించినది. 2025 లో కేంద్రమును చట్టము చేసినది. చట్టము తలుపు మూయగలదు గాని, కిటికీ తెఱువకుండుట యింటివారి పని.

ఇక రెండవ మాట: లెక్క అందఱికి తెలియవలెను. మన యిండ్లలో యజమాని అప్పును రహస్యముగా మోయుట పౌరుషమని తలచును. భార్యకు చెప్పిన బెంగపెట్టుకొనును, పిల్లలకు చెప్పిన చిన్నబుచ్చుకొందురు అని యొక్కడే వడ్డీలు కట్టుచు, ఒక అప్పు తీర్చుటకు వేఱొక అప్పు చేయుచుండును. అప్పులవాడు వాకిట నిలిచినప్పుడు గాని యింటివారికి సంగతి తెలియదు. సిరిసిల్లలో పనిలేమియు, అప్పును ఒక్కటై ఎందఱో నేతకార్మికులను బలిగొన్నవి. ఆ పట్టణమును "ఉరిసిల్ల" యని పత్రికలు వ్రాసిన దినములను మన పెద్ద లెఱుగుదురు. ఆ చావులకు వారి ఖర్చును నిందించుట మహాపాపము. పని లేకపోవుటయే వాని మూలము. కాని ఒంటరిగా మోసిన అప్పు, నలుగురితో మోసిన అప్పుకంటె ఎన్నో రెట్లు బరువైనదని మాత్రము మేము చెప్పగలము. ఇంటిలో చెప్పుకొన్న అప్పునకు దారి దొరకవచ్చును. బంగారము తాకట్టు పెట్టుటయో, సంఘములో నడుగుటయో, గడువు కోరుటయో, ఏదియో యొకటి నలుగురి బుద్ధికి తోచును. మనస్సు మఱీ క్రుంగినప్పుడు మాటాడుటకు 14416 అను ప్రభుత్వపు ఉచిత ఫోను సంఖ్య 2022 నుండి కలదు. దానిని వాడుట సిగ్గు కాదు.

"పని లేనివానికి లెక్కల పుస్తకమిచ్చి యేమి లాభము?" అని కొందఱు మమ్మడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. లెక్క పని కల్పింపదు, కూలి పెంచదు. సంవత్సరమంతయు పని సమముగా వచ్చునట్లు చూచుట ప్రభుత్వము యొక్కయు, వ్యాపారుల యొక్కయు ధర్మము. ఇచ్చిన పనికి బకాయి పెట్టకుండుట వారి బాధ్యత. పొదుపు బోధ ఆ బాధ్యతను కప్పిపుచ్చు దుప్పటి కారాదు. అయినను లెక్క వ్రాసినవానికి ఒక బలము కలదు. "మాకు చాలుట లేదు" అనువాని మాటను ఎవరును వినరు. "ఈ నాలుగు నెలలలో మాకు ఇంత వచ్చినది, ఇంత తప్పనిసరి, ఇంత కొఱత" అని పుస్తకము తెఱచి చూపువాని మాటను త్రోసిపుచ్చుట కష్టము. బ్యాంకులోనైనను, సంఘములోనైనను, కూలి బేరమునందైనను అది నిజము.

విద్యార్థులారా, ఈ విషయమున మీరు చేయదగిన పని కలదు. ఒక నలుబది పుటల నోటుబుక్కు తీసికొనుడు. ఎడమ పుటలో వచ్చినది, కుడి పుటలో పోయినది తేదీలతో వ్రాయుడు. ప్రతి నెల చివర కూడిక వేసి అమ్మకును, నాన్నకును వినిపింపుడు. పండ్రెండు నెలలు గడచినచో మీ యింటి కొఱత నెలలేవో మీకే తెలియును. ఎవరి ఖర్చునైనను వేలెత్తి చూపుటకు ఆ పుస్తకమును వాడకుడు; అది తీర్పు పుస్తకము కాదు, దారి చూపు పుస్తకము. ఏడవ తరగతి గణితము దీనికి చాలును.

తల్లిదండ్రులారా, బిడ్డలకు ఇంటి సంగతులు చెప్పిన చదువు చెడునని భయపడకుడు. చదువు చెఱచునది తెలియుట కాదు. అప్పు పండి, ఒక దినమున హఠాత్తుగా కుమారుని పుస్తకము మాన్పించి మగ్గమునకో, భీవండికో పంపుట, కుమార్తె చేతికి చాట నిచ్చుట, ఇవి చదువును చెఱచును. బడి తెఱచిన వారములో కొందఱు పిల్లలు హాజరుపట్టీలో పేరుండియు బల్లమీద కనబడకుండుట మేమెఱుగుదుము. వారిలో ననేకులు చదువున వెనుకబడినవారు కారు. వారి యింటికి కొఱత నెల ముందుగా వచ్చినది, అంతే. వచ్చు జూనులో మీ బిడ్డ బల్ల ఖాళీగా నుండకుండుటకు కావలసిన పైకమును ఈ నిండు నెలలలోనే వేఱుపఱచి, తపాలా కచేరిలో వాని పేర జమచేయుడు.